నాలుగో బల్ల కింద

ఆ వేసవిలో నేను భయపడినవేవీ జరగలేదు. మా అమ్మాయి ఆల్వా కారు షానన్ నది వంతెన మీద జారలేదు. మా చెల్లెలు కన్సెప్టాకి జబ్బు తిరగబెట్టలేదు. ఈదురుగాలికి వెనక గది కప్పు లేచిపోలేదు. ఫోను మోగితే ఆస్పత్రి నుంచేమోనని, మోగకపోతే ఫోను చేయలేని స్థితిలో ఉన్నారేమోనని గుండె పట్టుకునే మనిషిని నేను. మా ఆయన పోయిన ఈ తొమ్మిదేళ్లలో అది ఇంకా ముదిరింది. రాబోయే చెడునంతా ముందే ఊహించి పెట్టుకుంటే అది నా గడప తొక్కదని లోలోపల ఓ నమ్మకం. కానీ ఆ ఏడు వచ్చినదాన్ని నేనే నా నోటితో ఇంట్లోకి పిలిచాను.

జూన్ మొదటి వారంలో పొయ్యిలోకి పీటు మట్టి గడ్డలు నిలబెట్టడానికి నేను, ఆల్వా, కన్సీ ముగ్గురం బురదనేలకి వెళ్లాం. యంత్రం కోసి పరిచిపోయిన నల్లటి తడి గడ్డల్ని నాలుగైదేసి చొప్పున ఒకదానికొకటి ఆనించి నిలబెట్టాలి. గాలి తగిలి ఆరితే చలికాలమంతా పొయ్యిలోకి అవే. వంచిన నడుం ఎత్తకుండా చేసే పని. ఆల్వా రెండు వరసలు పూర్తి చేసి, చేతులు జీన్స్‌కి తుడుచుకుంటూ చెప్పింది.

"అమ్మా, ప్రాజెక్టుకి ఒప్పుకున్నారు. మన లైనే."

"మన లైనంటే?"

"మీ లైను. కుళాయిలది. ఆరు బల్లలూ."

నా చేతిలో గడ్డ అలాగే ఉండిపోయింది.

నేనూ కన్సీ పనిచేసే ఫ్యాక్టరీలోనే పై అంతస్తులో, ఏ వారం ఎంత సరుకు కావాలో చూసే ఆఫీసులో ఆల్వా ఉద్యోగం. కంపెనీవాళ్లే దాన్ని నగరంలో పీజీకి పంపారు. తయారీ, సరఫరా నిర్వహణ అట. ఆ పేరు నాకు ఒక్కసారికి నోరు తిరిగేది కాదు. సరుకు ఎక్కడ పుడుతుంది, ఎక్కడ ఆగుతుంది, ఎందుకు ఆగుతుంది, ఎవరి చేతికి చేరుతుంది అని చెప్పే చదువని నాకు అర్థమైంది. రెండేళ్లు శుక్రవారాలు, శనివారాలు పోయి వచ్చింది. ఇక మిగిలింది ఈ ప్రాజెక్టొక్కటే. ఆగస్టు చివరికి రాసిచ్చేయాలి. కంపెనీ కూడా చదువుతుంది.

కన్సీ నడుం నిటారు చేసి నవ్వింది. "అయితే గడియారం పెట్టుకుని మీ పిన్నిని కొలుస్తావన్నమాట. చిన్నప్పుడు నీ ముక్కు తుడవడానికి నాకెన్ని సెకన్లు పట్టిందో అప్పుడే రాసి పెట్టుకోవాల్సింది."

"నీకు ఎక్కువే పట్టేది. సగం సేపు తిట్టడానికే సరిపోయేది" అంది ఆల్వా. అంటూనే దగ్గరికి వచ్చి, "పిన్నీ, రక్తం" అంది.

"ఎవరిది?" అంది కన్సీ. వెటకారం కాదు, నిజంగానే అడిగింది.

పీటులో పాతుకుపోయిన ఏదో వేరు పుల్ల దాని చూపుడువేలి కొసలోకి దిగి ఉంది. ఆల్వా లాగి తీసి రుమాలు చుట్టింది. కన్సీ ఆ వేలిని వేరే ఎవరిదో అన్నట్టు చూసుకుంది.

రెండేళ్ల కిందట జబ్బుకి ఎక్కించిన మందులు జబ్బుని చంపాయి. వేళ్ల కొసల్ని కూడా చంపాయి. స్పర్శ తిరిగి రావచ్చని డాక్టరు అన్నాడు. రాలేదు. పని మానేసి ఇంటిపట్టున ఉండవే అని నేనెన్నిసార్లు చెప్పినా ఒకటే మాట. "బల్ల దగ్గరున్నంతసేపూ నేను కన్సీని. ఇంట్లో కూచున్న మరుక్షణం రోగిని. నాకొద్దక్కా ఆ బతుకు."

మా లైనులో చేసేది సెలైన్ గొట్టాల మధ్య తిప్పే చిన్న కుళాయి. బొటనవేలి గోరంత ఉంటుంది. నాలుగో బల్ల కన్సీది. కుళాయి కాడకి రబ్బరు వాషరు తొడిగి, చుట్టూ సన్నగా జిగురు పెట్టాలి. లైను ముప్ఫై ఎనిమిది సెకన్లకొకటి అడుగుతుంది. జబ్బు రాకముందు దానికి ముప్ఫై పట్టేది. తిరిగొచ్చాక వాషరు వేళ్ల మధ్య ఉందో జారిపోయిందో కళ్లతో చూసుకుంటే తప్ప తెలిసేది కాదు.

అందుకని డబ్బా పుట్టింది. క్రిస్మస్ బిస్కెట్ల రేకు డబ్బా. ఆలోచన రెండో బల్ల బ్రీజ్‌ది. గంట కొట్టడానికి ఇరవై నిమిషాల ముందే వచ్చి, మిగతా ఐదుగురం తలా నలభై కుళాయిలకి వాషర్లు తొడిగి, జిగురు పెట్టి డబ్బాలో వేసేవాళ్లం. డబ్బా నాలుగో బల్ల కింద ఉండేది. కన్సీ వెనకబడ్డప్పుడల్లా మూడో బల్ల నుంచి నేను కాలితో డబ్బాని ఇటు జరిపి, పిడికెడు తీసి దాని ముందు పోసేదాన్ని. మలకీ, అంటే మా సూపర్‌వైజరు, చూశాడో చూడలేదో మాకు తెలియదు. సాయంత్రానికి లెక్క వచ్చేది. కన్సీకి బల్ల ఉండేది. ఎవరికీ నష్టం లేదనే అనుకున్నాం.

ఆల్వాకి చెప్పొద్దని కన్సీయే నాచేత ఒట్టు వేయించుకుంది. "అది పై అంతస్తు పిల్ల. తెలిస్తే దానికి చిక్కు."

జూన్ చివర్లో ఆల్వా తెల్లకోటు వేసుకుని, జుట్టుకి వల కట్టుకుని, రాసుకునే అట్టా, సెకన్ల గడియారమూ పట్టుకుని మా లైను పక్కన నిలబడింది. దాన్ని అలా చూసి నాకు గర్వమూ వచ్చింది, కళ్లు నాలుగో బల్ల కిందికీ పోయాయి.

బ్రీజ్ ఊరుకుంటుందా. "ఏమే ఆల్వా, నేను బాత్రూంకి వెళ్లేది కూడా రాస్తావా?"

"రాశానత్తా. సగటున పదకొండు నిమిషాలు."

"అందులో ఆరు నిమిషాలు నీకు మంచి మొగుడు రావాలని ప్రార్థన. అది కూడా రాసుకో."

లైనంతా నవ్వింది. ఐదో బల్ల యాద్వీగా ఒక్కతే నవ్వలేదు. పోలండు నుంచి వచ్చి మా ఊళ్లో నాలుగేళ్లు, మా లైనులో ఏడాది. ఆ ముందు వారమే కోట్లు తగిలించే గదిలో బ్రీజ్‌తో అంది. "ఇరవై నిమిషాలు ముందు రావాలంటే మా పాపని ఎవరికి అప్పగించను? కన్సెప్టా అంటే నాకు ఇష్టమే. కానీ ఇది మంచి పద్ధతి కాదు. మా ఊళ్లో అయితే అందర్నీ ఇంటికి పంపేవాళ్లు."

"ఇది మీ ఊరు కాదుగా తల్లీ" అంది బ్రీజ్.

ఆ మర్నాడు కూడా యాద్వీగా ఇరవై నిమిషాలు ముందే వచ్చింది. తన నలభై తను చేసింది. ఆ సంగతి తరవాత ఎవరికీ గుర్తు రాలేదు.

ఆల్వా ఉన్నంతసేపూ నేను డబ్బా ముట్టుకోలేదు. అది అటు తిరిగినప్పుడు, టీకి వెళ్లినప్పుడు, మలకీతో మాట్లాడుతున్నప్పుడు రెండు పిడికిళ్లు పోసేదాన్ని. కన్నకూతురి కళ్లుగప్పడం నాకంత తేలికని అప్పటిదాకా తెలియదు.

జూలై అంతా వాన. ఆల్వా సగం కూడా తినేది కాదు. స్నానాలగది జల్లెడలో దాని జుట్టు ముద్దలు తీసి, లెక్కపెట్టినట్టు చూసేదాన్ని. పిలిస్తే రెండోసారికి గానీ పలికేది కాదు. అంతకుముందు చలికాలంలోనే దాని యూనివర్సిటీలో చదివే పిల్లాడొకణ్ని నదిలోంచి తీశారు. పరీక్ష పోయిందట. వాడి ఫోటో పేపర్లో చూసిన దగ్గర్నుంచీ నా బుర్రలో ఒక మూల అది అంటుకునే ఉంది.

మూడో ఆదివారం చర్చి నుంచి వచ్చాం. కన్సీ పక్కింట్లో రేడియోలో హర్లింగ్, అదే కర్రలతో బంతి కొట్టే ఆట, వినడానికి వెళ్లింది. గోడ అవతల నుంచి దాని అరుపులు వినిపిస్తున్నాయి. నేను బంగాళాదుంపలు చెక్కుతున్నాను. ఆల్వా బల్ల మీద కాగితాలన్నీ పరిచి, వాటిని చదవకుండా చూస్తూ కూచుంది.

"లెక్క కుదరట్లేదమ్మా."

"కుదురుతుందిలే."

"కుదరదు. నాలుగో బల్ల దగ్గర ఒక్కోదానికి యాభై రెండు సెకన్లు. మూడు వారాలు, మూడుసార్లు కొలిచాను. ఆ లెక్కన రోజుకి ఐదొందల ఇరవై దాటకూడదు. ఏడొందలు వస్తున్నాయి. అలా రావడానికి వీల్లేదు. కానీ వస్తున్నాయి."

"మీ గైడు ఏమన్నాడు?"

"నీ గడియారం తప్పా, నీ కళ్లు తప్పా తేల్చుకో, అది తేలకుండా దీన్ని ముందుకి పంపను అని రాశాడు."

"అంటే?"

"అంటే పోయినట్టే." కాగితాలు ఒక్కొక్కటే పేర్చింది. "ఆయన చెప్పింది నిజమే. కళ్ల ముందు ఆరు బల్లలున్నాయి. అక్కడ ఏం జరుగుతోందో చూసి చెప్పలేనిదాన్ని. ఇంకెందుకు పనికొస్తాను?"

నేను ఏదో అన్నాను. తిను అనో, పడుకో అనో. అది లేచి తలుపు వెనక కోటు తీసుకుంది.

"అలా నదివైపు నడిచొస్తాను."

ఒక చెయ్యి కోటులోకి వెళ్లింది. చేతిలో కత్తి, బంగాళాదుంప అలాగే ఉండగా నేను అనేశాను.

"గడియారం తప్పు కాదు."

ఆగింది.

"నీ కళ్లూ తప్పు కాదు. కన్సీ బల్ల కింద డబ్బా ఉంది."

అంతా చెప్పేశాను. చెబుతున్నంతసేపూ దాని మొహం వైపే చూశాను. మొదట వెలుగు వచ్చింది. నెలరోజులుగా చూడని వెలుగు. హమ్మయ్య, నా పిల్ల దక్కింది అనుకున్నాను. అది ఒక చెయ్యి కోటులో, ఒక చెయ్యి బయట ఉండగానే కుర్చీలో కూచుంది. ఆ తరవాత ఆఫీసులోవాళ్లలా అడగడం మొదలుపెట్టింది.

"రోజుకెన్ని?"

"తలా నలభై."

"సాయంత్రానికి మిగిలితే?"

"డబ్బాలోనే ఉంటాయి."

"మర్నాటి బ్యాచ్‌లో కలిపేస్తారా?"

"ఇంకెక్కడికి పోతాయి?"

"జిగురు? తెరిచిన నాలుగు గంటల్లో వాడాలి. అది ఎప్పుడు తెరిచింది?"

నాకు తెలియదు. ఆ జిగురు సీసా డబ్బాలోనే ఉండేది. అయిపోతే బ్రీజ్ ఇంకోటి తెచ్చేది.

ఆల్వా మొహంలో వెలుగు పోయింది. "అమ్మా, ఇవి పురిటిపిల్లలకి పెట్టే సెలైన్‌కి కూడా వెళ్తాయి. ఎక్కడైనా ఒక్కటి ఊడిందనుకో. అది ఏ రోజు చేసిందో తెలిస్తే ఆ రోజువన్నీ వెనక్కి తెప్పిస్తాం. మీ డబ్బా వల్ల దేని మీదున్న తేదీనీ నమ్మడానికి లేదు."

"ఇన్నాళ్లలో ఒక్కటీ ఊడలేదు."

"ఊడితే వచ్చి మీకు చెప్తారా?"

గోడ అవతల కన్సీ "కొట్టరా, కొట్టు!" అని అరుస్తోంది.

"రాయకు తల్లీ" అన్నాను. "దానికి ఆ బల్ల తప్ప ఏముంది?"

"విననట్టు ఉండమంటావా?"

"ఉండు. ఏమవుతుంది?"

"నాకు చెప్పకుండా ఉంటే ఉండేదాన్ని." కోటులోని చెయ్యి బయటికి లాగేసుకుంది. "పిన్ని... నన్ను పెంచింది. ఎందుకు చెప్పావమ్మా?"

నువ్వు కోటు వేసుకున్నావు కాబట్టి అని నేను చెప్పలేకపోయాను.

కాగితాలు సంచిలో పెట్టుకుంటూ అంది. "పేర్లు రాయను. నీదీ, ఎవరిదీ. నేను చేయగలిగింది అంతే."

రెండు వారాల తరవాత ఒక సోమవారం మా లైను ఆపేశారు. తొమ్మిది రోజులు ఆగింది. వేసవిలో పంపిన సరుకంతా ఆస్పత్రుల నుంచి వెనక్కి రప్పించారు. పెట్టెలకి పెట్టెలు గోదాములో పేరుకున్నాయి. ఏవైనా ఊడినవి ఉన్నాయా అని నేను అడగలేదు. ఎవరూ చెప్పలేదు.

మలకీ మా ఆరుగురినీ కూచోబెట్టి, ఆల్వా ముందుగానే కంపెనీకి రాసిచ్చిన కాగితాల్లోంచి ఒక పేజీ చదివాడు. వాడు చెడ్డవాడు కాదు. చదువుతున్నప్పుడు మా ఎవరి కళ్లలోకీ చూడలేదు. అందులో ఒక వాక్యం ఉంది. 'లైనులో పనిచేస్తున్న ఒకరు చెప్పిన ప్రకారం.' అది వినగానే బ్రీజ్ తల తిప్పింది. నావైపు కాదు. యాద్వీగా వైపు. ఆ తరవాత మిగతా తలలూ అటే తిరిగాయి. కన్సీ తల కూడా.

పదోరోజు మళ్లీ మొదలుపెట్టే ముందు ఒక్కొక్కరినీ విడిగా కొలిచారు. డబ్లిన్ ఆఫీసు నుంచి ఒకాయన వచ్చాడు. గడియారం ఆల్వా చేతిలో పెట్టారు. అమ్మాయి కొలతలో తప్పు లేదని తేలింది కదా, ఆమే కొలవాలి అన్నాడాయన, మెచ్చుకున్నట్టు. ఆల్వా వద్దంది. మలకీ కూడా వేరేవాళ్లని పెడదామన్నాడు. ఆయనకి ఎందుకో అర్థం కాలేదు. కన్సీ దానికి పిన్ని అని ఎవరూ చెప్పలేదు.

కన్సీ నాలుగో బల్ల దగ్గర కూచుంది. జుట్టుకి శుభ్రమైన వల కట్టుకుంది. ఇరవై కుళాయిలు, ఇరవై వాషర్లు ముందు పెట్టారు. మొదటిది నలభై ఏడుకి అయింది. రెండోది యాభై మూడు. మూడోదానికి వాషరు జారి ఒళ్లో పడింది. అది చూసుకోలేదు. ఖాళీ వేళ్లని కాడ చుట్టూ జాగ్రత్తగా తిప్పుతూనే ఉంది. తొడుగుతున్నాననే అనుకుంటోంది. మలకీ కిటికీ వైపు తిరిగాడు.

ఆల్వా బొటనవేలు గడియారం మీద ఆగిపోయింది.

"నొక్కవే తల్లీ" అంది కన్సీ, తల ఎత్తకుండా. "నువ్వు వణికితే ఆ సెకను కూడా నా ఖాతాలోకే వస్తుంది."

ఇరవయ్యీ అయ్యేదాకా కూచుంది. అయ్యాక బల్లని గుడ్డతో తుడిచింది. రాలిన వాషర్లు ఏరడానికి వంగింది గానీ అవి దాని వేళ్లకి దొరకలేదు. యాద్వీగా లేచి వచ్చి ఏరి దాని అరచేతిలో పోసింది. కన్సీ చెయ్యి తిరగేసింది. వాషర్లన్నీ నేల మీద పడ్డాయి.

మా ఐదుగురికీ హెచ్చరిక కాగితాలు ఇచ్చారు. కన్సీని పని మానమని ఇచ్చిన కాగితంలో 'ఆరోగ్య కారణాల రీత్యా' అని ఉంది. ఆ మాట దగ్గర వేలు పెట్టి, "చూశావా అక్కా, రోగినని రాసిచ్చారు" అంది.

ఆ సాయంత్రం అది ఆల్వాని పిలిచి పక్కన కూచోబెట్టుకుంది. "నీ మీద నాకేం లేదు. నీ పని నువ్వు చేశావు. చూసింది రాశావు. చెప్పినదాని నోరు పడిపోవాలి, అంతే." ఆల్వా నావైపు చూసింది. నేను పొయ్యిలో ఇంకో పీటు గడ్డ వేశాను. చలిగా లేదు ఆ రోజు.

సెప్టెంబరు వచ్చింది. లైను నడుస్తోంది. నాలుగో బల్ల దగ్గర ఇరవై ఏళ్ల పిల్లని పెట్టారు. చలికాలానికి ఆ బల్లకి యంత్రం వస్తుందట. టీ గదిలో మాకు ఎప్పుడూ పొడుగు బల్ల దగ్గర ఆరు కుర్చీలు. ఇప్పుడు యాద్వీగా కుర్చీ మీద బ్రీజ్ తన సంచి పెట్టేది. మొదటిరోజు యాద్వీగా నిలబడి చూసింది. రెండోరోజు నుంచి కిటికీ దగ్గర ఒక్కతే కూచుని రొట్టె తినేది. పాలు కావాలంటే లేచి వచ్చి తనే తీసుకోవాలి, ఎవరూ అందించరు. ఆమె కప్పు ఒకసారి చెత్తబుట్టలో కనిపించింది.

"మీ ఊళ్లో ఇలాంటివాళ్లకి బహుమానాలు ఇస్తారేమో" అంది బ్రీజ్ ఓ రోజు, గట్టిగా.

యాద్వీగా నమిలి మింగింది. తరవాత నావైపు చూసింది. కోపం లేదు ఆ చూపులో. ఎవరో తలుపు తీస్తారా అని నిలబడ్డ మనిషి చూపు. నేను నా కప్పులోకి చూసుకున్నాను.

అలా పదిహేను రోజులు. ఒక్కరోజు కూడా ఎవరూ నన్ను అనుమానించలేదు. చెల్లెలి బల్ల పోగొట్టుకున్న మనిషిని కదా, నాకు పెద్ద బిస్కెట్టు తీసి ఇచ్చేవాళ్లు.

ఆల్వాకి ఫస్టు క్లాసు వచ్చింది. అంకెలు కుదరని చోట ఆగి చూసిందని గైడు ప్రత్యేకంగా రాశాడట. ఆ ఉత్తరం నాకు చూపించి సొరుగులో పెట్టేసింది. సొరుగు మూస్తూ అడిగింది.

"యాద్వీగాతో ఎవరూ మాట్లాడట్లేదట. నువ్వు మాట్లాడుతున్నావా?"

నేను పొయ్యిలో బూడిద తీయడానికి వంగాను.

"నీ పేరు రాయనన్నాను, రాయలేదు. నేను చెప్పనమ్మా. అది నేను చెప్పాల్సింది కాదు."

ఆ వారమే అది నగరంలో గది చూసుకుంది. ఆఫీసుకి దగ్గరని కాదు, దూరమే. రోజూ అక్కణ్నించి కారులో ఫ్యాక్టరీకి వస్తుంది. ఆ దారిలో ఎన్ని లారీలు తిరుగుతాయో నేను చెప్పబోయాను. వినలేదు.

అది వెళ్లిన మర్నాడు శనివారం. పొద్దున్న కన్సీకి చొక్కా బొత్తాలు పెడుతున్నాను. జబ్బు తరవాత అవి దాని వేళ్లకి దొరకవు. నేనే పెడతాను, రోజూ. పైనుంచి కిందికి పెట్టి, ముంజేతి దగ్గరిది పట్టుకుని అన్నాను.

"ఆల్వాకి చెప్పింది నేనే."

అది తన ముంజేతిని చూసుకుంది. "రెండోది కూడా పెట్టు" అంది.

పెట్టాను. చెయ్యి వెనక్కి తీసుకుంది. కిటికీ అవతల పక్కింటావిడ బట్టలు ఆరేస్తోంది. ఆవిడ తాడు నిండేదాకా చూస్తూ కూచుంది.

"ఎందుకు?"

"అది బాగా లేదు కన్సీ. తిండి లేదు, నిద్ర లేదు. పోయినట్టే అంది. కోటు వేసుకుంది. నదివైపు నడిచొస్తానంది. నాకు..."

"అది ఆదివారం ఆదివారం నడుస్తుందక్కా." గొంతు పెంచలేదు. "ఆరేళ్లప్పట్నించీ. నీకు ఆదివారాలు షిఫ్టు ఉండేది. నేనే తీసుకెళ్లేదాన్ని. బుర్ర వేడెక్కితే ఆ వంతెన దాకా వెళ్లి, బాతులకి రొట్టె వేసి వచ్చేస్తుంది."

నా కూతురి గురించి నాకు తెలియని ఆ ముక్క అంత చిన్నది.

"నువ్వు నాకు చెప్పకుండా ఉండాల్సింది" అంది కన్సీ. "ఇన్నాళ్లూ ఆ పోలండుదాన్ని తిట్టుకుంటూ పడుకున్నాను. దాన్ని నేను చూడక్కర్లేదు. ఏ నెలకో ఓసారి బస్టాపులో కనిపిస్తే మొహం తిప్పుకుంటే సరిపోయేది. నీతో ఏం చెయ్యను? పొద్దున్నే నిన్నే చూడాలి. నీ చేత్తోనే బొత్తాలు పెట్టించుకోవాలి."

"కన్సీ..."

"సోమవారం యాద్వీగాకి చెప్పు. అందరి ముందూ. చెవిలో చెప్పి రాకు." లేచి తన గదిలోకి వెళ్లింది. ఆ రాత్రి చొక్కాతోనే పడుకుంది. ఆదివారం ఆ చొక్కాతోనే చర్చికి వచ్చింది.

సోమవారం టీ గదిలో నేను కూచోలేదు. పొడుగు బల్ల చివర నిలబడ్డాను. బ్రీజ్ ఏదో పెళ్లి సంగతి చెబుతోంది. ఎవరో నవ్వుతున్నారు.

"ఏమ్మా డింప్నా, కుర్చీ కుడుతోందా?" అంది బ్రీజ్.

"మా అమ్మాయికి చెప్పింది నేనే."

"ఏం చెప్పావు?"

"డబ్బా సంగతి. నేను చెప్పాను. యాద్వీగా కాదు."

కెటిల్ మరిగి, దానంతట అదే టక్కున ఆగింది. బ్రీజ్ నా మొహంలోకి చూసింది, తమాషా చేస్తున్నానేమో అన్నట్టు. తరవాత కిటికీ వైపు చూసింది. మెడ దగ్గర్నుంచి ఎర్రబడింది. పక్క కుర్చీ మీది సంచి తీసి కింద పెట్టింది.

"యాద్వీగా, రామ్మా. అక్కడ గాలి కొడుతుంది" అంది, ఆమె వైపు చూడకుండానే.

యాద్వీగా తన కప్పు, రొట్టె, కాగితం పొట్లం సర్దుకుంది. తొందరపడలేదు. నా పక్కనుంచి పోతూ ఆగింది.

"నాకు తెలుసు" అంది. "నేను కానప్పుడు, ఆ పిల్ల ఇంట్లో ఉండేది మీరే కదా. కన్సెప్టా తన గురించి తను చెప్పుకోదు."

"మరి ఎందుకు చెప్పలేదు?"

"నన్ను ఎవరూ అడగలేదు."

వెళ్లి తన పాత చోట్లో కూచుంది. ఒకామె జరిగి చోటిచ్చింది. ఇంకొకామె పాలు అందించింది. నన్ను కూచోమని ఎవరూ అనలేదు, వద్దనీ అనలేదు. నా కుర్చీ ఖాళీగానే ఉంది. దాని మీద ఎవరూ సంచి పెట్టలేదు. పెట్టేదాకా ఆగడం ఎందుకని నా కప్పు తీసుకుని కిటికీ దగ్గరికి నడిచాను.

యాద్వీగా కూచున్న కుర్చీ ఇంకా వెచ్చగానే ఉంది.